సరిహద్దు పిల్లల జనన పత్రాలపై రెండు రాష్ట్రాల రిజిస్ట్రార్లకు బహిరంగ లేఖ

ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జనన మరణాల ముఖ్య రిజిస్ట్రార్లకు,
గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల రిజిస్ట్రార్లకు,

విషయం: రాష్ట్రం అవతల పుట్టినవారికి జనన రికార్డు నకళ్లు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాను. మా అత్తవారిది ఈ ఊరే. నా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా. తొలి కాన్పు పుట్టింటివాళ్లే చేయాలన్నది మా ఇళ్లలో ఆచారం. అందుకే మా పెద్దమ్మాయి 2004లో అవతలి జిల్లాలో, ఒక చిన్న పట్టణంలోని నర్సింగ్ హోంలో పుట్టింది. బిడ్డకు నెలలు నిండాక ఇవతలికి తీసుకొచ్చేశాను. దాని చదువు, రేషన్ కార్డు, ఆధార్ అన్నీ ఒడిశాలోనే. ఇప్పుడు నర్సింగ్ పూర్తి చేసి బయటి దేశంలో ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకుంది. వాళ్లు అడిగిన కాగితాల్లో జనన ధ్రువపత్రం కూడా ఉంది. మా దగ్గరున్నది నర్సింగ్ హోం వాళ్లిచ్చిన డిశ్చార్జి చీటీ ఒక్కటే.

ఆ ఊరి ఆఫీసుకు వెళ్తే 2004 పుస్తకం తమ దగ్గర లేదు, పై ఆఫీసుకు పంపేశామన్నారు. పై ఆఫీసులో అడిగితే పుస్తకాలు కిందనే ఉంటాయన్నారు. ఆ ఊరి సచివాలయం కౌంటర్లో మా కుటుంబం వాళ్ల లిస్టులో లేదు కాబట్టి అప్లికేషన్ తీసుకోలేమన్నారు. రికార్డు దొరకకపోతే దొరకలేదని ఒక కాగితం మీద రాసివ్వండని అడిగాను. అదీ ఇవ్వలేదు. నర్సింగ్ హోం ఎప్పుడో మూతపడింది. తిరిగి పర్లాకిమిడి వచ్చి ఇక్కడ అడిగితే, పుట్టింది మా రాష్ట్రంలో కాదు కదమ్మా అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. కానీ ఆ నిజంతో మా పని ఏమీ కాలేదు.

రెండు జిల్లాల్లోనూ సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు పెట్టాను. రెండు చోట్లా రసీదు ఇచ్చారు. ఒకచోట 'మా పరిధిలోది కాదు' అని, రెండోచోట 'సంబంధిత ఆఫీసుకు పంపడమైనది' అని రాసి మూసేశారు. పంపిన ఆఫీసు నుంచి ఇంతవరకూ మాటా లేదు, కాగితమూ లేదు. అందుకే ఈ లేఖ అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందుగా మా ప్రాంతం సంగతి. జిల్లా మ్యాపులో రాష్ట్రాల మధ్య గీత ఉంటుంది. మా సంబంధాలకు ఆ గీత ఏనాడూ అడ్డు కాలేదు. పర్లాకిమిడిలో ఆటో ఎక్కితే పాతపట్నం. కాశీనగరం వాళ్లకు భామిని, గుణుపురం, రాయగడ వాళ్లకు పార్వతీపురం, బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురం. పిల్లను ఇవతల నుంచి అవతలికి ఇస్తాం, కోడలిని అవతల నుంచి ఇవతలికి తెచ్చుకుంటాం. కాన్పు కష్టమైతే పర్లాకిమిడి నుంచి బరంపురం మెడికల్ కాలేజీ కంటే శ్రీకాకుళం దగ్గర. ఇంకా ఇబ్బందైతే విశాఖపట్నం కేజీహెచ్‌కు పరుగెత్తుతాం. అంబులెన్సులో నొప్పులు పడుతున్న మనిషి రాష్ట్రం ఏదని చూడదు. కానీ చట్టం ప్రకారం బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు. అంటే మా వీధిలో పెరిగిన పిల్లల్లో చాలామంది రికార్డు అవతలి రాష్ట్రంలో ఉంది. పాతపట్నం, టెక్కలి వైపు పెరిగిన కొందరి రికార్డు ఇవతల ఉంది.

దీనికి తోడు పుస్తకాలు చేతులు మారాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. అది మా తాతల నాటి మాట, దాని పేచీ ఇప్పుడు లేదు. పేచీ తర్వాతి విభజనలతోనే. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ వేరుపడ్డాయి. అవతల 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది, ఆ మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. మునసబుల దగ్గరుండే పుట్టిన, పోయిన లెక్కల పుస్తకాలు ఆఫీసులకు చేరాయి. చేరినవి ఎన్ని, చెదలు తిన్నవి ఎన్ని అన్నది ఆ ఊళ్ల వాళ్లనడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. అంతకుముందు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న భామిని, సీతంపేట అటు వెళ్లాయి. కాశీనగరం కోడలు ఒకామె భామినిలో పుట్టింది. ఆమె రికార్డు కోసం శ్రీకాకుళం వెళ్లాలా, పార్వతీపురం వెళ్లాలా అంటే చెప్పే నాథుడు లేడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒడిశాలో గ్రామాల జననాలకు ప్రభుత్వాసుపత్రి మెడికల్ ఆఫీసరు రిజిస్ట్రారు. ఆంధ్రలో పంచాయతీ కార్యదర్శి. ఇవతలి వాళ్లు అవతలికి వెళ్లి ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడతారు. అవతలి వాళ్లు ఇవతలికి వచ్చి పంచాయతీ ఆఫీసు వెతుకుతారు. సగం రోజు అక్కడే పోతుంది. ఈ విషయం చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనిపించలేదు.

చట్టం ఏం చెబుతోందో చదువుకున్నాను. మీకు తెలియనిది కాదు. చదివే సామాన్యులకు తెలియాలని రాస్తున్నాను.

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాని 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులో ఏ నమోదునైనా వెతికించుకునే హక్కు, దాని నకలు పొందే హక్కు ఏ వ్యక్తికైనా ఉంది. ఆ రాష్ట్రంలో ఉండాలని గానీ, ఆ రాష్ట్రపు ఆధార్ అడ్రసు ఉండాలని గానీ అందులో లేదు. రిజిస్ట్రారు సంతకం చేసి ధ్రువీకరించిన ఆ నకలు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. అదే సెక్షన్‌లో పోస్టు ఖర్చుల ప్రస్తావన కూడా ఉంది. అంటే దూరాన ఉన్న మనిషికి పోస్టులో పంపవచ్చని 1969లోనే అనుకున్నారు. ఊరూరా సెల్‌ఫోన్ ఉన్న ఈ కాలంలో మమ్మల్ని స్వయంగా రమ్మనడం ఏ నిబంధన కింద?

జనన రిజిస్టరు శాశ్వత రికార్డు. దాన్ని నాశనం చేయకూడదు. ఏడాది పుస్తకం ముగిశాక కొంతకాలం రిజిస్ట్రారు దగ్గర ఉండి, తర్వాత భద్రపరిచే అధికారికి వెళ్తుంది. కాబట్టి 'పుస్తకం మా దగ్గర లేదు' అనేది సగం జవాబే. ఎవరికి, ఏ తేదీన అప్పగించారో చెప్పాలి. వెతికినా నమోదు కనిపించకపోతే లేదని రాతపూర్వకంగా ఇవ్వడం కూడా నిబంధనల్లో ఉంది. మా వైపు దాన్ని 'నాన్ అవైలబిలిటీ' అంటారు. ఆ కాగితం లేకపోతే ఆలస్యపు నమోదుకు దారి తెరుచుకోదు. లేదని నోటితో చెప్పి పంపిస్తే మనిషి ముందుకూ పోలేడు, వెనక్కీ రాలేడు.

2023లో చట్టానికి సవరణ వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారికి బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటరు జాబితాకు, పెళ్లి నమోదుకు, ప్రభుత్వ ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు పుట్టిన తేదీని, చోటును రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. నమోదు పూర్తయ్యాక ఏడు రోజుల్లోపు ధ్రువపత్రం ఉచితంగా ఇవ్వాలని కూడా ఆ సవరణే చెప్పింది. దేశం మొత్తానికి జనన మరణాల డేటాబేస్ ఉండాలని, రాష్ట్రాలు తమ వివరాలు అందులో పంచుకోవాలని అంది. రిజిస్ట్రారు చర్య మీద 30 రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా రిజిస్ట్రారు మీద ముఖ్య రిజిస్ట్రారుకు చేసుకోవచ్చు. 90 రోజుల్లో తేల్చాలి. ఇన్ని మంచి మాటలున్న చట్టం మా దగ్గరికి వచ్చేసరికి కౌంటరు కిటికీ దగ్గరే ఆగిపోతోంది. అప్పీలు చేద్దామన్నా తిరస్కరించినట్టు కాగితం ఉండాలి కదా. నోటితో 'లేదు' అన్నదాని మీద అప్పీలు ఎలా రాయాలి?

ఇప్పుడు దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో రాస్తాను.

1. పసిపిల్లలు. 2023 అక్టోబరు తర్వాత పుట్టిన పిల్లలకు జనన పత్రం లేకపోతే ఆధార్ రాదు. ఆధార్ లేదని రేషన్ కార్డులో పేరు చేర్చరు. పుట్టింట్లో కాన్పయి, ధ్రువపత్రం చేతికి రాకముందే ఇవతలికి వచ్చేసిన బాలింతలు మా చుట్టుపక్కల ఎంతోమంది ఉన్నారు. ఆసుపత్రి వాళ్లు 'ఆన్‌లైన్‌లో పెట్టేశాం' అంటారు. ఏ నంబరు మీద పెట్టారో చెప్పరు. ఈ పిల్లలు 2029, 2030ల్లో ఒకటో తరగతికి వస్తారు. అప్పుడు హెడ్‌మాస్టరుకు కూడా వేరే దారి ఉండదు. మా కాలంలో మాస్టారు పిల్లవాడి ఎత్తు చూసి ఒక తేదీ వేసేవారు, చదువు ఆగేది కాదు. అది మంచి పద్ధతి అనడం లేదు. కానీ ఆ తలుపు మూసినప్పుడు సరైన తలుపు తెరిచి పెట్టాలి.

2. పేరు లేని నమోదులు. మా ఇళ్లలో బారసాల పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో చేస్తాం. ఆసుపత్రిలో ఫారం నింపేటప్పటికి బిడ్డకు పేరు ఉండదు. రిజిస్టరులో 'ఆడ శిశువు', 'మగ శిశువు' అని పడుతుంది. 14వ సెక్షన్ కింద తర్వాత పేరు చేర్పించుకోవచ్చు. ఏడాదిలోపు ఉచితం, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా రుసుముతో. ఈ సంగతి కాన్పు రోజున తల్లికి చెప్పే మనిషి లేడు. తెలిసేసరికి పదిహేనేళ్లు దాటిపోతాయి. పేరు గడి ఖాళీగా ఉన్న సర్టిఫికెట్ చూపించి ఇది నా కూతురిదే అని నిరూపించడానికి తల్లి ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

3. అక్షరాల తేడాలు. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి ఫారాల్లో చివర రాస్తారు. ఒడియాలోకి వెళ్లిన 'వెంకటలక్ష్మి' అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'భెంకటలక్ష్మి' అవుతుంది. పుట్టింటి రికార్డులో తల్లికి పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. తల్లి పేరే కలవకపోతే బిడ్డ కాగితం ఎవరూ నమ్మరు. పాత ఒడియా చేతిరాత సర్టిఫికెట్ అవతలి ఆఫీసులో చదవరు, పాత తెలుగు నకలు ఇవతల చదవరు. అనువాదానికి, నోటరీకి డబ్బు పోస్తేనే ఫైలు కదులుతుంది. సర్టిఫికెట్ రుసుము పెద్దది కాదు, దాని చుట్టూ అయ్యే ఖర్చే పెద్దది.

4. కొండల మీది ఆడవాళ్లు. వీళ్ల గురించి రాయకపోతే ఈ లేఖకు అర్థం లేదు. గుమ్మ, నువాగడ వైపు సవర కుటుంబాల్లో ఇంటి దగ్గర మంత్రసాని చేతి కాన్పులు ఇంకా ఉన్నాయి. వాళ్ల బంధువులు సీతంపేట, భామిని కొండల్లో ఉంటారు. ఇంట్లో పుట్టిన బిడ్డ సంగతి ఇంటి పెద్ద వెళ్లి చెప్పాలి. 21 రోజుల్లో చెప్పకపోతే ఆలస్య రుసుము. నెల దాటితే పై అధికారి అనుమతి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఆర్డరు. ఇదివరకు ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు ఇవ్వాల్సింది, 2023 సవరణ తర్వాత జిల్లా మెజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు గానీ, అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు గానీ ఇవ్వవచ్చు. మంచి మార్పే. కానీ గుమ్మలో కాపురం ఉంటున్న ఆమె బిడ్డ సీతంపేట కొండల్లోని పుట్టింట్లో పుడితే, ఆ ఆర్డరు కోసం ఆమె పరాయి రాష్ట్రపు ఆఫీసుకు వెళ్లాలి. తెలుగు రాదు, ఒడియా అంతంత మాత్రం, మాట్లాడేది సవర. చంకలో బిడ్డ. రోజు కూలి పోతుంది. సాక్షులను ఆమే తీసుకెళ్లాలి, వాళ్ల బస్సు చార్జీ, భోజనం ఆమే పెట్టాలి. ఇన్ని చేసి వెళ్తే 'ఈ రోజు సారు లేరు' అంటారు. ఆమె రెండోసారి వెళ్లదు. వెళ్లనందుకు ఆమెను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు.

5. కోడళ్లు. 2024లో ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం పెట్టింది. 21 ఏళ్లు నిండి 60 లోపు ఉన్న అర్హులైన ఆడవాళ్లకు ఏడాదికి పది వేలు. వయసు ఆధార్‌ను బట్టి చూస్తారు. అవతల పుట్టి ఇవతల కాపురానికి వచ్చిన, బడి మొహం చూడని ఆడవాళ్ల ఆధార్‌లో పుట్టిన తేదీ ఎవరో అడిగి, ఎవరో అంచనా వేసి కొట్టిందే. అది మార్పించాలంటే రుజువు కావాలి. పదో తరగతి మార్కుల లిస్టు లేని మనిషి చివరికి జనన రికార్డు వైపే చూడాలి. అది అవతల ఉంది. తేదీని ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి తప్పు కాగితంతో వెళ్తే ఆ అవకాశం కూడా పోతుంది.

6. దళారులు. మీరు ఇవ్వని కాగితం ఇప్పిస్తామని ఆఫీసు బయట మనుషులు ఉంటారు. వాళ్లకు ఇచ్చిన డబ్బు పోయినా ఓర్చుకుంటాం. వాళ్లిచ్చిన సర్టిఫికెట్ దొంగదని తేలితే కేసు మా పిల్లల మీద పడుతుంది. ఆ టెన్షన్‌తోనే నేను ఆ దారి తొక్కలేదు. అందరికీ అంత నిబ్బరం ఉండదు. ఉద్యోగం గడువు దగ్గర పడితే అసలే ఉండదు.

సాలూరు, పొట్టంగి మధ్య, రెండు రాష్ట్రాలూ మావేననే కొఠియా గ్రామాల పేచీ మీకు తెలిసిందే. అక్కడ రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న కుటుంబాలున్నాయి. ఆ భూమి ఎవరిదో కోర్టు తేలుస్తుంది. అంతవరకూ అక్కడ పుట్టే బిడ్డను ఏదో ఒక రాష్ట్రం రాసుకుని తల్లి చేతికి కాగితం ఇవ్వాలి కదా. ఓట్ల కోసం రెండు వైపుల నుంచీ ఆ కొండలెక్కే నాయకులు ఈ మాట కూడా అడగాలి.

మేం కొత్త చట్టం అడగడం లేదు, డబ్బు సాయం అడగడం లేదు. ఉన్న చట్టాన్ని సరిహద్దు దగ్గర పని చేయించమని అడుగుతున్నాం. మా కోరికలు ఇవి.

ఒకటి. 17వ సెక్షన్ కింద నకలు కోసం వచ్చిన అప్లికేషన్‌ను, అప్లికేషన్ పెట్టిన మనిషి ఏ రాష్ట్రంలో ఉన్నా తీసుకోవాలని రెండు రాష్ట్రాల ముఖ్య రిజిస్ట్రార్లు రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి. సచివాలయం లిస్టులో కుటుంబం లేదన్న కారణం చెల్లదని ఆ ఆదేశంలో స్పష్టంగా ఉండాలి. మీసేవలో, సచివాలయంలో, ఒడిశా మో సేవా కేంద్రాల్లో ఆ ఆదేశం గోడకు అంటించాలి. పోస్టులో వచ్చిన అప్లికేషన్ తీసుకోవాలి, నకలు పోస్టులో పంపాలి. ఖర్చు మేం పెట్టుకుంటాం.

రెండు. రికార్డు దొరకకపోతే, ఏ ఏళ్ల పుస్తకాలు వెతికారో రాసి, లేదని ధ్రువపత్రం ఇవ్వాలి. దీనికి రోజుల గడువు పెట్టాలి. ఒడిశాలో 2012 నాటి ప్రజా సేవల హక్కు చట్టం ఉంది. గడువు దాటితే ఎవరు జవాబుదారో అందులోనే తేల్చవచ్చు. నోటితో 'లేదు' అని పంపేయడం ఆగాలి. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఈ ఒక్క కాగితం వస్తే మనిషి అప్పీలుకు వెళ్లగలడు, మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లగలడు. ఇది రానంత కాలం మీ ఆఫీసుల మధ్య బంతిలా తిరుగుతూనే ఉంటాడు.

మూడు. ఏ ఊరిది, ఏ ఏడాది జనన రిజిస్టరు, ఏ ఆఫీసులో ఉందో ఒక జాబితా తయారు చేసి బయట పెట్టాలి. 1992కు ముందు గజపతి, రాయగడ ఊళ్ల పుస్తకాలు ఛత్రపురంలో, కోరాపుట్‌లో ఉన్నాయా, కొత్త జిల్లాలకు వచ్చాయా? 2022 తర్వాత భామిని, సీతంపేట పుస్తకాలు ఎక్కడ? మునసబుల నాటివి ఏ మండలంలో ఎన్ని మిగిలాయి? పాడైపోయినవి ఉంటే పాడైపోయాయని రాయండి. అది తెలిసినా మాకు మేలే, లేని పుస్తకం కోసం తిరగం. మిగిలిన వాటిని వరదకో, చెదలకో పోకముందే స్కాన్ చేయించండి.

నాలుగు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురంలో ఇవతల, పాతపట్నం, ఇచ్ఛాపురం, పార్వతీపురంలో అవతల ఒక్కో అధికారిని సరిహద్దు కేసుల కోసం నియమించాలి. అప్లికేషన్ ఇవతల తీసుకుని అవతలి అధికారికి నేరుగా పంపాలి. జాతీయ డేటాబేస్ ఉన్నప్పుడు ఈ పని కొత్తవాటికి నిమిషాలది. పాతవాటికి ఒక ఫోను, ఒక ఉత్తరం. ఆ ఉత్తరం పట్టుకుని తిరగాల్సింది తల్లి కాదు.

అయిదు. పేరు చేర్చుకోవడానికి పదిహేనేళ్లు దాటిపోయిన వాళ్లకు ఒక్కసారి గడువు ఇప్పించాలి. ఇంటిపేరు ముందు వెనకల వల్ల, లిపి మారడం వల్ల వచ్చిన తేడాలను 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారు స్థాయిలోనే సరిదిద్దాలి. అసలు నమోదును చెరపకుండా పక్కన రాసి సంతకం పెట్టే వీలు చట్టంలో ఉంది. ఇంత చిన్నదానికి కోర్టుకు వెళ్లమనకండి. రెండు రాష్ట్రాలూ ఇచ్చే ప్రతి నకలులో స్థానిక భాషతో పాటు ఇంగ్లీషు కూడా ఉండాలి.

ఆరు. కాన్పు జరిగిన ప్రతి ఆసుపత్రి, ప్రైవేటు నర్సింగ్ హోంతో సహా, డిశ్చార్జి రోజున నమోదు నంబరు తల్లి చేతిలో పెట్టాలి. పేరు తర్వాత ఎలా చేర్చుకోవాలో ఒక చీటీ ఇవ్వాలి. తెలుగులోనూ, ఒడియాలోనూ ఉండాలి. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఆ చీటీ ఇస్తే వాళ్లే చదివి వినిపిస్తారు, సవరలో కూడా చెబుతారు. మూతపడిన నర్సింగ్ హోంలు పంపిన ఫారాలు మున్సిపాలిటీల్లో ఉండాలి, వాటిని వెతికించాలి.

ఏడు. కొండ గ్రామాల్లో రెండు జిల్లాల మెజిస్ట్రేట్లు, రిజిస్ట్రార్లు ఒకే రోజున, ఒకే చోట కూర్చుని ఆలస్యపు నమోదుల శిబిరం పెట్టాలి. ఎన్నికలప్పుడు ఆ కొండల మీదికి పోలింగ్ పెట్టెలు మోసుకెళ్లేవాళ్లు ఉన్నారు. ఈ పనికి కూడా మనుషులు దొరుకుతారు. గుమ్మ, కాశీనగరం, భామిని, సీతంపేటతో మొదలుపెట్టండి.

మీ కింది ఆఫీసుల్లో మనుషులు తక్కువని, పని ఎక్కువని నాకు తెలుసు. ఒక గుమస్తా మూడు సీట్ల పని చేస్తున్న చోట ఆయన్ను తిట్టి లాభం లేదు. ఆయన చేతిలో మీ ఆదేశం ఉంటే ఇస్తాడు, లేకపోతే భయపడి వెనక్కి పంపుతాడు. ఆ ఆదేశం ఇవ్వాల్సింది మీరు. ఇంతవరకు ఇవ్వలేదు.

మా అమ్మాయి ఉద్యోగం సంగతి దాని అదృష్టానికి వదిలేసి ఊరుకోలేను. దాని అప్లికేషన్ కాపీ, రెండు గ్రీవెన్సుల రసీదులు ఈ లేఖతో జతచేసి ఇద్దరు ముఖ్య రిజిస్ట్రార్లకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఈ లేఖ కింద సంతకం చేస్తామని మా వీధిలోనూ, కాశీనగరంలోనూ, గుణుపురంలోనూ కొందరు తల్లులు ముందుకొచ్చారు. వాళ్ల అర్జీలు విడివిడిగా వస్తాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క జవాబు ఇవ్వండి. ఇస్తున్నామంటే తేదీ చెప్పండి. ఇవ్వలేమంటే ఏ సెక్షన్ కింద ఇవ్వలేరో రాసి సంతకం పెట్టండి. అప్పీలు గడువు లెక్క ఆ కాగితం అందిన రోజు నుంచే మొదలుపెడతాం.

ఇట్లు,
ఒక తల్లి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.